గున్నేశ్వరరావు గారి కత్తెర

గున్నేశ్వరరావు గారికి పొడుగు మాట ఒంటికి పడదు. కొందరికి వంకాయ తింటే దురద, కొందరికి రొయ్య తింటే దద్దుర్లు. ఆయనకి ఫోన్‌లో పొడుగాటి మెసేజి కనిపిస్తే వేళ్ళు జిలపెడతాయి. ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని చూడరు. పచారీ కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, దాని తొక్క తీసి, గింజ తీసి, ముక్కలు కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య ఎడం పెట్టి మళ్ళీ వీధి వాట్సాప్ గ్రూపులో పడేసేదాకా ఆయనకి కాఫీ గొంతు దిగదు.

అక్కర్లేని మాటని ఆయన ఖాళీ గుమాస్తా అంటారు. "చూడండి, ఈ 'సాదరంగా' ఏం పని చేస్తున్నాడిక్కడ? బల్లమీద కూర్చుని విసురుకుంటున్నాడు. ఇంటికి పంపేశాను."

వెంకటదుర్గ పెళ్ళప్పుడు వాళ్ళ నాన్న గణేష్‌బాబు గారు మూరెడు శుభలేఖ వీధి గ్రూపులో పెట్టారు. వంశం, గోత్రం, తాతగారి పేరు, ఇలవేల్పు దీవెన, అన్నీ ఉన్నాయి. సగం దాకా వెళ్ళాక 'రీడ్ మోర్' అనే నీలం మాట అడ్డం పడింది. దాన్ని నొక్కి లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి వచ్చినట్టు లేదు. కాసేపటికి గున్నేశ్వరరావు గారి ముక్కలు వచ్చాయి.

*ఆదివారం పెళ్ళి.*

పొద్దున్న పదింటికి.

రైలు గేటు పక్క హాలు.

భోజనం ఉంది. రండి.

గణేష్‌బాబు గారు కొట్టు మీదికి యుద్ధానికి వెళ్ళారు. "ఏవండీ, మా వంశం ఏదండీ?"

"హాల్లో మీరంతా ఉంటారు కదండీ. అక్కడ చూసుకుంటారు."

"మా తాతగారి పేరు కూడా తీసేస్తారా?"

"ఆయన వస్తారాండీ?"

"పోయి ఇరవయ్యేళ్ళయింది!"

"మరి ఆయనకి హాలు ఎక్కడో చెప్పక్కర్లేదు కదండీ. తెలియనివాళ్ళ కోసం రాశాను."

గున్నేశ్వరరావు గారి భార్య రమాదేవిని ఎవరైనా జాలిగా చూస్తే ఆవిడ నవ్వేస్తుంది. "పెళ్ళిచూపుల్లో మా నాన్న గంటసేపు మాట్లాడితే ఈయన 'సరే' అన్నారమ్మా. ఆ తరవాత నాతో అంత పెద్ద మాట మళ్ళీ అనలేదు."

ఆ కత్తెరకి అందరికంటే ఎక్కువ బలైనది రత్నమాణిక్యం గారు. నిడదవోలులో ఆ వీధికంతటికీ పెద్ద దిక్కు ఆవిడే, గ్రూపుకి అడ్మిన్ కూడా ఆవిడే. అయిదో క్లాసుతో ఆవిడ చదువు ఆగింది గాని ఆరా తీయడం ఆగలేదు. ఎవరింట్లో కుక్కర్ కూత వేసినా పప్పో కూరో చెప్పగలదు. ఫోన్‌లో టైపు చేసే ఓపిక లేక, మైకు బొమ్మ నొక్కి మాట్లాడుతుంది. ఫోన్ రాసుకుంటూ పోతుంది. చుక్క ఉండదు, ఆగడం ఉండదు. కుళాయి రాలేదని మొదలుపెడితే, బిందె కొన్న సంతా, బిందె మోసిన కోడలూ, కోడలి కడుపునొప్పీ, దానికి వాడిన వాముపొడీ అన్నీ వరసగా వస్తాయి. గున్నేశ్వరరావు గారు దాన్ని 'కుళాయి రాలేదు' అని రెండు మాటలు చేసి పెట్టారు.

"నా కోడలి కడుపునొప్పి ఎక్కడ పారేశారండీ?" అని ఆవిడ గుమ్మంలోంచే కేకేసింది.

"దాన్ని మున్సిపాలిటీ వాళ్ళు బాగు చెయ్యలేరు కదా అక్కగారూ!"

అవన్నీ సరసాలే. అసలు గొడవ శాలువా దగ్గర వచ్చింది. రత్నమాణిక్యం గారి భర్త బుల్లబ్బాయి గారికి రైతు సంఘం వాళ్ళు సన్మానం చేశారు. ఆవిడ పొంగిపోయి, ఆయన నాగలి పట్టిన నాటి నుంచి చేతికర్ర పట్టిన నాటి దాకా సంఘం వాళ్ళు చదివిన పొగడ్తలన్నీ గ్రూపులో పెట్టింది. పావుగంటలో జవాబు:

*బుల్లబ్బాయి గారికి శాలువా కప్పారు.*

సంతోషం.

రత్నమాణిక్యం గారు ఇంకేం ఆలోచించలేదు. గున్నేశ్వరరావు గారిని గ్రూపులోంచి తీసేసింది. ఆ సంగతి రమాదేవి భయంభయంగా చెబితే ఆయన బెల్లం తూస్తూ, "మంచిదేగా. గ్రూపు కాస్త పొట్టిదైంది" అన్నారట. ఆ మాట రత్నమాణిక్యం గారి చెవిన పడనే పడింది. పక్కింటి తలుపు కిర్రుమన్నా వినపడే చెవులాయె. అప్పటి నుంచి ఆ కొట్టు గుమ్మం తొక్కడం మానేసింది.

ఇలా ఉండగా రోహిణీ కార్తె వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికే రోడ్డు మీద తారు మెత్తబడుతున్న రోజులు. బుల్లబ్బాయి గారికి ఏడాదిగా మతి నిలకడ లేదు. కౌలుకి ఇచ్చేసిన పొలాన్ని ఇంకా తనే చేస్తున్నాననుకుంటారు. ఆ పొద్దున్న ఆయన షుగర్ మాత్ర వేసుకుని వసారాలో కుర్చీలో కూర్చున్నారు. "నారుమడికి నీళ్ళు రాలేదే" అని ఒకసారి అన్నారు. "వస్తాయిలెండి, ముందు పెసరట్టు తిందురుగాని" అని ఆవిడ లోపలికి వెళ్ళింది. అట్టు తిరగేసి, అల్లప్పచ్చడి వేసుకుని పళ్ళెంతో బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. చెప్పులు లేవు.

వీధిలో ఏ గుమ్మంలోంచి ఏ పిల్లి వెళ్ళినా కనిపెట్టే మనిషి, తన గుమ్మంలోంచి తన మొగుడు వెళ్ళడం చూడలేదు. పళ్ళెం కుర్చీలో పెట్టేసి గేటు దాకా పరిగెత్తింది. మాత్ర వేసుకుని తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతారని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. కిందటి వేసవిలో అలాగే పెరట్లో పడిపోతే, నోట్లో పంచదార వేసి బతికించుకున్నారు. అప్పుడు పక్కనే ఉన్నారు గనక సరిపోయింది. ఇప్పుడు ఎక్కడ పడతారో, ఎవరు చూస్తారో!

వీధివాళ్ళు తలో దిక్కుకీ పరిగెత్తారు. గణేష్‌బాబు గారు స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలన్నీ వెతికి వచ్చారు. పోలీసులకి చెప్పారు. జంగారెడ్డిగూడెంలో పామాయిల్ ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు జయంత్ మోటారుసైకిల్ మీద బయలుదేరాడు. "అమ్మా, ముందు గ్రూపుల్లో పెట్టు, అందరికీ పంపమను!" అని ఫోన్‌లో అరిచాడు.

రత్నమాణిక్యం గారు మైకు నొక్కింది. కట్టుకున్న మనిషి గురించి పదిమందిలో చెప్పేటప్పుడు ఉత్తి పేరు ఎలా చెబుతుంది? సన్మానంనాటి పొగడ్త ఫోన్‌లో ఉండనే ఉంది. 'గౌరవనీయులు, ఆదర్శ రైతు, స్నేహశీలి, మృదుభాషి' అంటూ అది ముందు పెట్టింది. దాని కింద ఏడుస్తూ మిగతాది చెప్పింది. మాత్ర, పెసరట్టు, కుర్చీ, డాక్టరు, కిందటి వేసవి, పంచదార, అన్నీ చెప్పింది. ఇక ఫోటో కావాలి. ఫోన్‌లో ఉన్నవన్నీ బనీనుతోనే. అవి పంపితే పరువేముంటుంది? సన్మానం ఫోటో ఒక్కటే మర్యాదగా ఉంది. మెడలో ఇంత లావు బంతిపూల దండ, నుదుట బొట్టు, కళ్ళు సగం మూసుకుని ఉన్నారు. అది పెట్టింది. గ్రూపు వాళ్ళు దాన్ని ఇంకో గ్రూపుకి, వాళ్ళు మరో గ్రూపుకి పంపారు.

క్షణాల్లో ఫోన్ టింగుమంది. ఆవిడ ఆత్రంగా చూసింది.

'ఓం శాంతి.'

మళ్ళీ టింగు. 'ఓం శాంతి.' దాని కింద దణ్ణాలు. 'స్నేహశీలిని కోల్పోయాం.' 'ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేరు.' దండ చూశారు, గౌరవనీయులు చూశారు, మృదుభాషి దాకా వచ్చారు. అక్కడ నీలం మాట అడ్డం పడింది. దాన్ని దాటి పెసరట్టు దాకా ఎవరూ రాలేదు.

ధవళేశ్వరం నుంచి ఆడపడుచు ప్రసన్నలక్ష్మి ఫోన్ చేసి మాట్లాడకుండానే ఏడుపు అందుకుంది. "వదినా! అన్నయ్య అంత సుఖంగా ఎలా పోయాడే!"

"పోలేదే! తప్పిపోయారే!"

"ఏడవకు వదినా, నీకు మతి చలించింది. మేం బయలుదేరిపోయాం. మేం వచ్చేదాకా ఆపండి!"

"ఎవర్ని ఆపమంటావే? మనిషి కనపడక నేను చస్తుంటే!"

రైతు సంఘం వాళ్ళు దండ పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడి, ఎక్కడ వెయ్యాలో తెలియక దిక్కులు చూస్తున్నారు. ఒకాయన మెల్లిగా కుర్చీలు దింపిస్తున్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. ఎక్కడో రోడ్డు మీద ఆయన కళ్ళు తిరిగి కూలబడిపోతుంటే, ఎవరైనా గుర్తుపట్టినా 'ఆయన పోయారు కదా, ఎవరో పోలిక మనిషి అయ్యుంటాడు' అని వెళ్ళిపోతారు. ఆ ఆలోచన రాగానే రత్నమాణిక్యం గారు గబగబా చెప్పులు కూడా లేకుండా రోడ్డెక్కింది. తిన్నగా పచారీ కొట్టుకి వెళ్ళింది.

గున్నేశ్వరరావు గారు అప్పటికే కొట్టు తలుపు సగం వేసి తనూ వెతకడానికి బయలుదేరబోతున్నారు. ఆవిడ ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "కత్తిరించండి."

ఆయన ఎత్తిపొడవలేదు. గోనెసంచి మీద కూర్చోబెట్టి, రమాదేవిని మజ్జిగ తెమ్మని, మెసేజి మొత్తం పైనుంచి కిందిదాకా చదివారు. బహుశా ఆ రోజు దాన్ని చివరిదాకా చదివిన మనిషి ఆయనొక్కరే.

"చొక్కా ఏం రంగండీ?"

"మొన్న ఉగాదికి జయంత్ తణుకులో కొన్నాడండి, వద్దంటే వినకుండా..."

"రంగు, అక్కగారూ."

"గంధం రంగు."

"పంచా, లుంగీయా?"

"తెల్ల పంచె. జరీ అంచుది మా పుట్టింటివాళ్ళు..."

"నడకలో ఏదైనా తేడా ఉందా?"

"కుడికాలు ఈడుస్తారు. అది కూడా ఎలా జరిగిందంటే..."

"చాలండి."

ఆయన వేళ్ళు కదులుతున్నాయి. ఆవిడ భుజం మీంచి తొంగిచూస్తూ ఊరుకోలేకపోయింది. "ఆదర్శ రైతు తీసేశారేంటండీ? మృదుభాషి ఏదీ?"

"ఆదర్శ రైతుని రోడ్డు మీద ఎవరూ గుర్తుపట్టలేరండి. గంధం రంగు చొక్కాని పట్టేస్తారు. ఇంకో ఫోటో చూపించండి."

"అన్నీ బనీనుతో ఉన్నాయండీ. గడ్డం కూడా మాసి ఉంది."

"ఇవాళ గీసుకున్నారా?"

"లేదు."

"అయితే అదే మనకి కావలసిన మనిషి."

పెరట్లో పనసకాయ కొడుతూ, ఫోటో తీస్తున్నందుకు కసురుకుంటున్న ముఖం ఒకటి దొరికింది. ఆవిడ సిగ్గుతో కళ్ళు మూసుకుని ఇచ్చేసింది. ఆయన చివరి ముక్క రాసి చూపించారు.

*మనిషి తప్పిపోయారు. బతికే ఉన్నారు.*

బుల్లబ్బాయి గారు. నిడదవోలు.

గంధం రంగు చొక్కా. తెల్ల పంచె.

కుడికాలు ఈడుస్తారు.

షుగర్ మాత్ర వేసుకున్నారు. ఏమీ తినలేదు.

*కనపడితే ముందు అరటిపండు పెట్టండి.*

తరవాత ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి.

"గారు ఉంచారేంటండీ?" అంది ఆవిడ. "అది ఖాళీ గుమాస్తా కాదా?"

"వాడు పని చేస్తున్నాడండి" అన్నారాయన, తల ఎత్తకుండా.

అది ముందు ఆవిడ ఫోన్‌లోంచి గ్రూపుకి వెళ్ళింది. ఆ తరవాత ఆయన తన ఫోన్ తీసి ఎవరెవరికో పంపుతున్నారు. ఎంత దుఃఖంలో ఉన్నా రత్నమాణిక్యం గారి కళ్ళు ఊరుకుంటాయా? పూల వీరవేణి. గేటు అప్పాజీ. ముంజల పాపాయి. ఆటో చినబాబు. వేలు అలా కిందికి జరుగుతూనే ఉంది.

"ఎవరండీ వీళ్ళంతా?"

"తెలిసినవాళ్ళు" అని ఫోన్ తిప్పేసుకున్నారు.

ఇక ఎదురుచూడటమే మిగిలింది. తాడేపల్లిగూడెం నుంచి ఒకరు ఫోన్ చేశారు. గంధం రంగు చొక్కాయేగాని మనిషికి పాతికేళ్ళు. ఇంకొకరు చేసి, "బతికే ఉన్నారని రాశారు, నిజమేనాండీ? మేం టెంటు మాట్లాడేశాం" అన్నారు. ఆయన్ని గున్నేశ్వరరావు గారు ఒకే ముక్కలో అణిచారు. మధ్యాహ్నం దాటింది. మజ్జిగ గ్లాసు అలాగే ఉంది. అందులో ఈగ పడినా ఆవిడకి తెలియలేదు. మాట్లాడకుండా అంతసేపు ఆవిడ కూర్చోవడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. రమాదేవికి దానికే ఎక్కువ భయం వేసింది.

అప్పుడు గున్నేశ్వరరావు గారి ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టారు. అవతల ఆడగొంతు, వెనక గాలి హోరు.

"బాబుగారూ, నేనండి, విజ్జేశ్వరం నుంచి పాపాయినండి. మీ పెద్దాయన ఇక్కడే ఉన్నారండి."

రత్నమాణిక్యం గారు లేచి నిలబడింది.

"ఎలా ఉన్నారు?" అన్నారు గున్నేశ్వరరావు గారు.

"ఏ ఆటో ఎక్కి వచ్చేరో గానండి, కాలవ తలుపుల దగ్గర మెట్టు మీద కూలబడి, నీళ్ళెందుకు వదల్లేదని కేకలేస్తున్నారండి. మొదట గట్టిగానే అరిచేరండి, పోనుపోను గొంతు సన్నబడిపోయింది. చేతులు వణుకుతున్నాయండి. అప్పుడు చూసేను, గంధం రంగు చొక్కా. నా దగ్గర ముంజలే ఉన్నాయండి, కానీ మీరు అరటిపండు అని రాసేరు కదా, పక్క బడ్డీకి పరిగెత్తి తెచ్చేనండి. తిన్నాక నిమ్మళించేరు. ఇప్పుడు రెండోది అడుగుతున్నారండి. మీరు ఒకటే రాసేరు. రెండోది పెట్టొచ్చాండి?"

"పెట్టవే తల్లీ!" అని రత్నమాణిక్యం గారు ఫోన్ లాక్కుంది. "గెలంతా పెట్టు!"

జయంత్‌కి కబురందింది. వాడు బండి అటే తిప్పాడు. తండ్రి పక్కన కూర్చున్నానని వాడు ఫోన్ చేసేదాకా ఆవిడ పాపాయిని లైను వదలనివ్వలేదు. వదలనివ్వని మనిషి ఊరికే ఉంటుందా? గున్నేశ్వరరావు గారు వద్దని చెయ్యి ఊపుతున్నా ఆరా మొదలుపెట్టింది.

"నువ్వు ఈయనకి ఏమవుతావే?"

"ఏమీ అవనండి. ఏడాది కిందట ఆయన కొట్లో చింతపండు కొంటూ, మా అమ్మాయి మెసేజి చదివి పెట్టమన్నానండి. నేను రెండో క్లాసేనండి, అక్షరాలు కూడబలుక్కోవాలి. అంత పొడుగుది చూస్తే కళ్ళు తిరిగిపోయేవి. ఆయన దాన్ని రెండు ముక్కలు చేసి, నువ్వే చదువు అన్నారండి. చదివేను. మర్నాడు ఇంకో ముక్క పంపేరు, మీ గ్రూపులోదే. మీ వీధి సంగతులన్నీ నాకు తెలుసండి! వీరవేణికీ, అప్పాజీకీ కూడా అలాగే పంపుతారు. మొదట్లో ఒక్క మాటే వచ్చేదండి. అది వచ్చాక రెండు పంపేవారు. ఇప్పుడు ఇంత పంపినా చదివేస్తున్నాను. ఇవాళ్టిదే అన్నిటికంటే పెద్దదండి. చదవగలనో లేదో అని భయపడ్డాను."

రమాదేవి నోరు తెరుచుకుని మొగుణ్ణి చూస్తోంది. ఊళ్ళో అందరి మాటలూ తెగ్గోసే మనిషి, ఇంకోపక్క ఒక్కొక్క మాటే పెంచుకుంటూ వస్తున్నాడన్నమాట.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది రత్నమాణిక్యం గారు.

"చెబితే మీరు గ్రూపులో పెడతారు. వాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది." తన గురించి ఆయన అంత పెద్ద ప్రసంగం ఎప్పుడూ చేసి ఉండరు. వెంటనే బియ్యం డబ్బా మూత సర్దుకోవడంలో పడ్డారు.

పొద్దువాలే వేళకి బుల్లబ్బాయి గారు కొడుకు బండి వెనక కూర్చుని దిగారు. ఇంటి ముందు టెంటు, కుర్చీలు, దండలు, ధవళేశ్వరం నుంచి వచ్చిన చుట్టాలు. "నీళ్ళొస్తాయన్నారు లెండి" అని వాళ్ళందరికీ ధైర్యం చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. ప్రసన్నలక్ష్మి అన్నయ్యని పట్టుకుని, పొద్దున్న ఏడవగా మిగిలిన ఏడుపు అప్పుడు ఏడ్చింది. వచ్చినవాళ్ళందరికీ రత్నమాణిక్యం గారు పెసరట్లు వేసి పెట్టింది.

మర్నాడు గున్నేశ్వరరావు గారిని గ్రూపులో మళ్ళీ చేర్చుకుంది. ఆ తరవాత పాపాయికి కృతజ్ఞతగా నాలుగు మాటలు చెబుదామని కొట్లోనే కూర్చుని మైకు నొక్కింది. ఎంత బిగపట్టినా పొట్టిగా రాలేదు. తన పెళ్ళీ, బుల్లబ్బాయి గారి మొదటి ఎడ్లజతా, గోదారి వరదలో కొట్టుకుపోయిన గడ్డివామూ అన్నీ చెప్పాక గాని విజ్జేశ్వరం రాలేదు. ముగించి, తనే సిగ్గుపడి ఫోన్ ఆయనకి చాపింది.

"కోసెయ్యండి. నేనేమీ అనుకోను."

ఆయన పైకీ కిందికీ చూశారు. వేలు ఒకసారి జిలపెట్టినట్టే ఉంది. గట్టిగా ఊపిరి తీసుకుని, ఒక్క అక్షరం తియ్యకుండా, మధ్యమధ్య ఎడం మాత్రం పెట్టి పంపేశారు. "పాపాయి పై క్లాసుకి వెళ్ళాలి కదండీ."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం పాపాయి ముంజలు అమ్ముడయ్యాక రత్నమాణిక్యం గారికి ఫోన్ చేస్తోంది. "ఇవాళ మీ ఎడ్ల దాకా వచ్చేనండి. రెండోదానికి కొమ్ము ఎలా విరిగిందండి?" ఆవిడ గోడకి జారబడి ఆ కొమ్ము కథంతా మొదటినుంచి చెబుతుంది. మొన్న మాత్రం పాపాయి కాస్త మొహమాటపడుతూ అడిగింది.

"అమ్మగారూ, గడ్డివాము కొట్టుకుపోయిన కాడికి వచ్చేనండి. నాకు థాంక్సు చెప్పేరని బాబుగారు అన్నారు. అది ఇంకా ఎంత దూరం ఉందండీ?"